ఆకుకూరతో వచ్చే నులిపురుగులు – మురుగునీటి సేద్యంపై ఒక పాఠం

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో నులిపురుగుల నివారణ దినం జరుపుతాం. పిల్లల చేత ఆల్బెండజోల్ మాత్ర మా ఎదుటే నమిలిస్తాం. అలాంటి ఒక రోజున ఆరో తరగతి పిల్లవాడు లేచి, "సార్, ఆర్నెల్లకోసారి మాత్ర వేసుకుంటున్నాం కదా, మళ్లీ పురుగులు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. దాతలైన మీరూ వినవలసిన జవాబు అది.

ఆడ ఏలికపాము రోజుకు దాదాపు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో మురుగులోకి, మురుగుతో పొలంలోకి చేరతాయి. తేమగల మట్టిలో రెండు మూడు వారాలకు సోకే దశకు వస్తాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి. ఇందుకు గట్టి సాక్ష్యం జెరూసలేం నగరానిది. 1948కి ముందు అక్కడి పశ్చిమ భాగంలో పరీక్షించిన వారిలో మూడో వంతు మందికి ఏలికపాములు ఉండేవి. ఆ ఏడాది నగరం రెండుగా చీలి, మురుగునీటితో పండిన కూరలు అటు రావడం ఆగిపోయాక అది ఒక్క శాతం దాకా పడిపోయింది. 1967 తరువాత ఆ కూరలు మళ్లీ వచ్చాయి, పురుగులూ వచ్చాయి.

మన మూసీ సంగతి చూద్దాం. హైదరాబాద్ దాటాక ఏడాదిలో ఎక్కువ కాలం అందులో పారేది నగరం వదిలిన నీరే. దానితో వరి, పశువుల గడ్డి, పాలకూర, తోటకూర పండుతున్నాయి. అంబర్‌పేట శుద్ధి కేంద్రం ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గలది. అయితే "శుద్ధి చేసిన నీరు" అనగానే నిశ్చింత పనికిరాదు. క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది గాని, మందపాటి పెంకు గల ఈ గుడ్లను చంపలేదు. గుడ్లు నీటికన్నా బరువు కాబట్టి నీరు కొన్నాళ్లు కదలకుండా నిలిస్తే అడుక్కి దిగుతాయి. మూసీపై ఉన్న పాతకాలపు కత్వల వెనుక జరిగేది అదే. నగరానికి దూరమైన కొద్దీ నీటిలో గుడ్లు తగ్గుతాయి. కాని అడుగున చేరిన బురదను పచ్చిగానే ఎరువుగా వేస్తే చేసిందంతా వృథా. లీటరు నీటిలో ఒక గుడ్డుకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పదిహేనేళ్లలోపు పిల్లలు ఆ నీటిలో తిరిగే చోట దాన్ని పదో వంతుకు దించింది.

పిల్లవాడు అంతటితో ఊరుకోలేదు. "మా అమ్మ ఆ మడుల్లోనే కూర కోస్తుంది సార్" అన్నాడు. కొంకిపురుగుకు నోరే అక్కర్లేదు, ఒట్టి కాళ్ల చర్మం గుండా లోపలికి పోయి నెత్తురు తాగుతుంది. కూర తినే మనకన్నా కోసే ఆ తల్లికే ముప్పు ఎక్కువ.

మనలో కొందరికి ఒక ధీమా ఉంది: పంది మాంసం ముట్టం కాబట్టి బద్దెపురుగు బాధ మనకు లేదని. పొరపాటు. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పించేది ఆ పురుగు గుడ్లు. అవి ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం నుంచి వస్తాయి. పచ్చి కూర మీద అంటుకొని ఎవరింటికైనా చేరవచ్చు, శాకాహారి ఇంటికైనా సరే.

తప్పంతా రైతుది కాదు. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో పొలంలోని కూరనూ, బజారులోని కూరనూ పరీక్షిస్తే బజారు కూరే ఎక్కువ మలినంగా తేలింది. వాడిపోకుండా దాని మీద ఏ నీళ్లు చల్లుతున్నారో మనమూ చూస్తూనే ఉన్నాం!

బాగా ఉడికిన కూరతో భయం లేదు. భయమంతా పచ్చిగా వేసే కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్‌లతోనే. ఉప్పునీళ్లు, వెనిగర్ గుడ్డును చంపవు. పారే నల్లా కింద ఆకు ఆకునూ రుద్ది కడిగితే చాలావరకు జారిపోతుంది. వందమందికి వండే హాస్టల్ వంటగదిలో ఒక్క బకెట్ నీటిలో కట్టలు ముంచి తీయడం నేను చూశాను. అక్కడ కూరలకని వేరే నల్లా, లోతైన తొట్టి పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మూసీ మడుల్లో పనిచేసే కూలీలకు రబ్బరు బూట్లు కొనివ్వడానికీ అంతే. దుప్పట్లు పంచే జాబితాలో ఈ ఏడాది ఈ రెండూ చేర్చమని సొసైటీ పెద్దలను కోరుతున్నాను.