మీ పాత్రలు అరవక్కర్లేదు

కొత్తగా కథలు రాసేవాళ్ళ చిత్తుప్రతి ఏది తిరగేసినా సంభాషణల దగ్గర ఒకటే వరస. ఆశ్చర్యార్థకాలు మూడేసి, చుక్కలు ఏడెనిమిది, ప్రతి మాట వెనక ఒక ‘కోపంగా’, ఒక ‘బాధగా’. వ్యాకరణం రాక వచ్చిన తిప్పలు కావివి. తాము రాసిన మాట మీద తమకే గురి కుదరక వచ్చినవి. ఆ గురి కుదిరిందా, గుర్తులు వాటంతటవే తగ్గుతాయి.

“అమ్మా!!! నేను రేపు హైదరాబాద్ వెళ్ళిపోతున్నాను.......” అని బాధగా అన్నాడు రవి.

“ఏంట్రా?!?! నిన్ననే కదా వచ్చావు!!!” అంటూ ఆశ్చర్యంగా అడిగింది తల్లి.

దీన్నే ఇలా రాసి చూడండి.

“రేపు పొద్దున బస్సుకి వెళ్తానమ్మా.”

“నిన్ననేగా వచ్చావు?”

రవి బ్యాగు జిప్పు లాగుతున్నాడు.

“ఆవకాయ సీసా సర్దనా, వద్దా?”

అన్నాడు, అంది అనేవి మచ్చుకైనా లేవు. అయినా ఏ మాట ఎవరిదో తెలిసిపోతోంది. బాధ ఎక్కడుందో కూడా తెలుస్తోంది. మన భాషలో ఈ వెసులుబాటు బోలెడంత. రా, అండీ, వదినా, మామయ్యా... పిలుపు వింటే చాలు, మాట్లాడేది ఎవరితోనో, ఇద్దరి మధ్యా చనువెంతో బయటపడుతుంది. ముందు దాన్ని వాడుకోండి. మనిషి మారినప్పుడల్లా పేరా మార్చండి. అలాగని ప్రతి వాక్యంలోనూ ‘ఒరే రవీ’ అని కుక్కకండి. ఇంట్లో మనుషులు నిమిషానికోసారి పేర్లు పెట్టి పిలుచుకోరు, టీవీ సీరియల్లో తప్ప.

నిజానికి మనవాళ్ళు ఈ గుర్తులేవీ లేకుండానే శతాబ్దాలు నెట్టుకొచ్చారు. తిక్కన భారతంలో పాత్రలు ఎంతెంతసేపు వాదించుకుంటాయో తెలిసిందే. తాళపత్రం మీద కొటేషన్లు లేవు, పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా లేదు. ‘అనిన’, ‘అనవుడు’ అనేవే ఒకరి మాట అయిపోయిందని చెప్పేవి. కామాలు, కొటేషన్లు ఇంగ్లీషు అచ్చు పుస్తకాల చలవ. ఇప్పటికీ సగం పని ‘అని’ చేసిపెడుతోంది కాబట్టి, దాని సంగతి చూసుకున్నాకే మిగతావి పెట్టుకోవాలి.

‘రవి వస్తానన్నాడు’ అని రాశారనుకోండి. సంధి కలిసిపోయింది, కొటేషన్ దూర్చే సందు లేదు, అవసరమూ లేదు. అది కబురు. “వస్తాను” అన్నాడు రవి, అంటే గొంతు. గొంతు వినిపించనక్కర్లేని చోట కబురుతో సరిపెట్టండి. కొందరు “వస్తాన”న్నాడు అని మాటను నడిమికి నరికి రాస్తారు. నాకైతే చూడగానే కళ్ళల్లో గుచ్చుకుంటుంది. కలిపితే పూర్తిగా కలపండి, లేదా విడిగా ఉంచండి.

ఇక ఫుల్‌స్టాప్ గొడవ. మాట తర్వాత ‘అన్నాడు’ ఉంటే వాక్యం అక్కడితో ముగుస్తుంది. కాబట్టి కొటేషన్ లోపల చుక్క అక్కర్లేదు. ప్రశ్నార్థకం మాత్రం లోపలే ఉండాలి: “వస్తావా?” అంది సీత. వెనక ఏమీ లేకపోతే చుక్క పెట్టి కొటేషన్ మూసేయండి. లోపల కామా పెట్టేవాళ్ళూ ఉన్నారు, అదేం నేరం కాదు. ఒక పేజీలో ఒక పద్ధతి, ఇంకో పేజీలో ఇంకో పద్ధతి ఉంటేనే చిక్కు.

అసలు చిక్కు పొడుగు మాటలతో. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. తాతయ్య ఎనిమిది వరుసలు మాట్లాడాక ‘అన్నాడు తాతయ్య’ అని రాస్తే, అప్పటిదాకా ఆ మాటల్ని పాఠకుడు ఎవరి నోట్లో పెట్టుకుని చదవాలి? పేరు ముందుకు తెచ్చేయండి: తాతయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, “ఆ పొలం...” అంటూ మొదలుపెట్టాడు. లేదా మొదటి వాక్యం కాగానే మాట ఆపి, అన్నదెవరో చెప్పి, మళ్ళీ అందుకోండి. ఇక ఆ ‘అన్నాడు’ను మాటిమాటికీ మార్చాలన్న తాపత్రయం వదిలేయండి. ‘వచించాడు’ అని రాశారా, బస్టాండులో నిలబడ్డ మనిషి నెత్తిన కిరీటం మొలుస్తుంది!

మాట పొట్టిదైతే మాత్రం పేరు ముందు చెప్పకపోయినా నడుస్తుంది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటి కథ. అది మొదలయ్యేదే తలుపు తీయమనే పిలుపుతో. పిలిచేదెవరో ముందుగా పరిచయం చేయలేదు. ఆ తెగువ మనకూ కావాలి.

కొటేషన్లే పెట్టని గొప్ప రచయితలున్నారు కదా అంటారు. ఉన్నారు. జేమ్స్ జాయిస్ డాష్‌తో సరిపెట్టుకున్నాడు. సరమాగో కామా పెట్టి, పక్కన పెద్దక్షరంతో రెండో మనిషిని మొదలుపెట్టేవాడు. తెలుగులో పెద్దక్షరాలు లేవు. సరమాగో ఎత్తుగడను ఉన్నదున్నట్టుగా దించుకుంటే ఇక్కడ మిగిలేది కామా ఒక్కటే.

పత్రికకు పంపేముందు ఒకసారి ఫైల్లో ఇవి వెతకండి. ప్రశ్నార్థకానికి ముందు ఖాళీ వదిలితే అది ఒంటరిగా కింది వరుసలో పడొచ్చు. కొటేషన్లు కొన్ని నిటారుగా, కొన్ని వంపుగా ఉంటే ఒకే రకానికి మార్చండి. మాటలో మాట వస్తే సింగిల్ కొటేషన్. చుక్కలు మూడు చాలు. ఆ తర్వాత ఒక పేజీ తీసుకుని అన్నాడు, అంది అన్నవన్నీ కొట్టేసి ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. గొంతు మార్చి నటించొద్దు, తేటగా చదవండి. “ఇది ఎవరన్నారు?” అని వాళ్ళు ఆపిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. కొట్టేసినవి తిరిగి రావాల్సింది అక్కడికే.