శ్రావణం గిరాకీ దాకా అరటి ఆగాలంటే

వ్యవసాయ సలహాలు: ఆషాఢం – శ్రావణం

వరలక్ష్మీ వ్రతం దగ్గర పడితే విజయవాడ, గుంటూరు బజార్లలో అత్తం ధర లేస్తుందని మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల, కొల్లిపర అరటి రైతులకు చెప్పక్కర్లేదు. చిక్కల్లా గెల అంతకు ముందే తయారవడం. కోసి ఆపుదామంటే ఈ వానల తేమకు అత్తం మొదలు నల్లబడి కుళ్లుతుంది, కాయలు ఊడిపోతాయి. రసాయన మందుల్లో ముంచడం ఇష్టంలేని రైతులు మొక్కల నూనెలు, రసాల గురించి అడుగుతున్నారు. వాటిలో పనికొచ్చేవి ఉన్నాయి. అయితే అవి రాబోయే కుళ్లును అడ్డుకుంటాయి గానీ, పట్టిన కుళ్లును పోగొట్టలేవు. కాబట్టి ముందు కోత సరిగా ఉండాలి.

కోత, కడగడం

• నిల్వ చేయదలచిన గెలను కాయ కోణాలు పూర్తిగా గుండ్రబడకముందే, ముప్పాతిక పక్వంలో కోయండి.
• వాన వెలిసి గెల ఆరాక కోయండి. నేలకు తగలనివ్వకుండా అరటాకుల మీదికి దించండి.
• అత్తాలను పదునైన, శుభ్రమైన కత్తితో విడదీయండి. మొద్దు కత్తి చీల్చిన చోటే బూజు దిగుతుంది.
• పాలు కారడం తగ్గాక మంచినీటితో కడగండి. లీటరుకు 10 గ్రాముల పటిక కలిపితే జిగురు వదులుతుంది. కాలువ నీళ్లతో కడిగితే బూజును మనమే అంటించినట్టు.

ఏ మొక్కలో ఏముంది?

లవంగంలో యూజినాల్, వాములో థైమాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్ ఉంటాయి. ఇవి బూజు కణాల పొరను దెబ్బతీసి పెరగకుండా చేస్తాయి. శ్రీలంకలో ఎంబుల్ అనే అరటి మీద రుద్రజడ, సిట్రొనెల్లా నూనెలు చల్లి, 13.5 డిగ్రీల చల్లదనంలో మూడు వారాల దాకా నిల్వ ఉంచగలిగారు. రుచి చెడలేదు. ఎంబుల్ మన కర్పూర చక్కెరకేళీ వర్గానిదే కాబట్టి ఆ ఫలితం మనకు దగ్గరిది. కానీ అది చల్లని గదిలో వచ్చిన ఫలితం. మన షెడ్డు వేడిలో మూడు వారాలు ఆశించకండి.

కలబంద గుజ్జు పని వేరు. కాయ మీద పలచని పొరలా ఆరి, తేమ పోకుండా చూస్తుంది, కాయ శ్వాసను నెమ్మదింపజేస్తుంది. స్పెయిన్‌లో 2005లో ద్రాక్ష మీద దీని ప్రయోజనం చూపారు.

మూడోది హెక్సనాల్. కోసిన పచ్చగడ్డి వాసనలో ఉండేది ఇదే. కాయ మెత్తబడటానికి కారణమయ్యే ఒక ఎంజైమును ఇది అదుపు చేస్తుంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం కలిసి దీన్ని మన దేశపు పండ్లపై పరీక్షించాయి. దీన్ని ఇంట్లో కలుపుకోవడం కుదరదు, తయారైన మిశ్రమమే వాడాలి.

వాడే తీరు

నూనెలు ఖరీదైనవి. గెలంతా తడపక్కర్లేదు. బూజు దిగేది కోత గాయం గుండానే కాబట్టి అత్తం మొదలుకు పట్టిస్తే ముఖ్యమైన పని జరుగుతుంది. విడదీసిన రోజే పట్టించాలి, మర్నాటికి ఆలస్యమైనట్టే. ఆహారంలో వాడే రకం నూనెనే కొనండి. అగరబత్తీల, అత్తరు నూనెలు వద్దు. నూనె నీటిలో కలవదు కాబట్టి ఆహారానికి వాడే పాలీసార్బేట్ లాంటిది కలిపి బాగా గిలకొట్టాలి. లీటరుకు 1 మిల్లీలీటరుతో మొదలుపెట్టండి. మోతాదు మించితే తొక్క మాడుతుంది, పండుకు లవంగం వాసన పడుతుంది. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టెల్లో సర్దండి.

ఇవి వద్దు

దుగ్గిరాల పసుపు చేతిలో ఉందని పసుపు నీళ్లలో ముంచకండి. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, కాయకు మరక మాత్రం మిగులుతుంది. వేపనూనె వాసన, చేదు తినే పండుకు పనికిరావు. మాగబెట్టడానికి కార్బైడు వాడటం చట్టరీత్యా నిషేధం. ఇథిలీన్ గదిలోనే మాగబెట్టించండి.

నిల్వ చోటు

అరటికి 13–14 డిగ్రీలు సరిపోతాయి. అంతకన్నా చల్లబడితే తొక్క నల్లబడి, కాయ సరిగా మాగదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలు అంతకన్నా చాలా చల్లగా ఉంటాయి, ఖాళీ ఉందని అక్కడ పెట్టకండి. పండిన కాయ ఒక్కటున్నా దాని ఇథిలీన్‌కు పక్కవీ ముందే పండుతాయి, వెంటనే తీసేయండి.

గెలలన్నిటికీ ఒకేసారి ఖర్చు పెట్టకండి. శ్రావణానికి ముందే ఒక గెల కోసి, సగం అత్తాలకు నూనె పట్టించి, మిగతా సగం ఉత్తగానే పక్కన పెట్టి, రోజూ మొదళ్లు చూసుకోండి. ఎన్ని రోజులు ఎక్కువ ఆగిందో, ఆ రోజులకు బజారులో ఎంత ధర పెరుగుతుందో లెక్క వేసుకుని, నూనె ఖర్చు పోను మిగిలితేనే పంటంతటికీ వాడండి. సందేహాలకు రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను గానీ, కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 ను గానీ అడగండి.