పోయినవాళ్ల పేర్లు చదివేవాడి పాఠాలు

తుని, పాయకరావుపేటల్లో పద్యనాటకాలు ఆడించే కమిటీల్లో చాలా ఏళ్లు తిరిగాను. పోటీల ఆఖరి రోజున, బహుమతులు ఇవ్వబోయే ముందు, ఆ ఏడాది కన్నుమూసిన కళాకారుల పేర్లు మైకులో చదవడం నా వంతు. ఆ జాబితా రాయడంలో తెలిసొచ్చినవి, ఇప్పుడు కమిటీల్లోకి వస్తున్న కుర్రాళ్ల కోసం రాస్తున్నాను.

1. మనిషి పోయాక నియమం రాయకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరెవరిని తలుచుకోవాలి అన్నది ఏడాది మొదట్లోనే కాగితం మీద పెట్టాలి. లేకపోతే చందా ఎక్కువిచ్చినవాళ్ల బావమరిది పేరు ముందుకొస్తుంది. పద్మ పురస్కారాలకు అలాంటి నియమం ఒకటుంది. మామూలుగా మరణానంతరం ఇవ్వరు. ఇవ్వదలిస్తే, గణతంత్ర దినానికి ముందు ఏడాది లోపల పోయినవారై ఉండాలి. గాయకుడు ఎస్పీ బాలు గారు 2020 సెప్టెంబరు 25న పోయారు, 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు. నటి సావిత్రి గారు 1981 డిసెంబరు 26న పోయారు. బతికుండగా పద్మ రాలేదు, ఆ ఏడాది దాటాక దారి మూసుకుపోయింది. 2011లో తపాలా బిళ్ల వేశారు, దాదాపు ముప్ఫై ఏళ్లకు. నటుడు ఎస్వీ రంగారావు గారికీ పద్మ లేదు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

2. అందరికీ ఒకే సమయం. 2013 ఎమ్మీ అవార్డుల్లో ఐదుగురికి విడిగా నివాళులు చెప్పించారు. వాళ్లలో కోరీ మాంటీత్ అనే యువ నటుడు ఉన్నాడు. మూడు ఎమ్మీలు గెలిచిన పెద్ద నటుడు జాక్ క్లగ్‌మన్‌ను మాత్రం అందరితో కలిపి చూపించి వదిలేశారు. ఆయన కొడుకు బాహాటంగానే బాధపడ్డాడు. చిన్న వయసులో పోయినవాడి మీద జాలి ఉంటుంది, ఉండాలి కూడా. కానీ జాలిని బట్టి నిమిషాలు పంచితే ముసలి కళాకారుడి జీవితమంతా తక్కువైపోతుంది.

3. జాబితా రాసేవాడికి ఏ కళ తెలియదో, ఆ కళాకారుడే జారిపోతాడు. 2024లో మూడు గ్రామీలు అందుకున్న తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ ఆ డిసెంబరులో పోతే, 2025 గ్రామీ వేదిక మీద నివాళిలో ఆయన కనిపించలేదు. 2022లో లతా మంగేష్కర్ విషయంలోనూ ఇదే జరిగింది, గ్రామీలోనూ ఆస్కార్‌లోనూ.

అంత దూరం ఎందుకు, మన హార్మోనిస్టును చూడండి. స్టేజీకి ఓ పక్కన కూర్చుని, కృష్ణుడు రాగం తీసేలోపే శ్రుతి అందిస్తాడు. గొంతు బొంగురుపోతున్నట్టు తోస్తే మెట్టు దించి నటుడి పరువు కాపాడతాడు. ఒక్క రాత్రిలో ముగ్గురు కృష్ణులకు వాయించినవాళ్లను చూశాను. వన్స్‌మోర్ మాత్రం పద్యం పాడినవాడికే. కరపత్రంలో కృష్ణుడికి ఫొటో ఉంటుంది, హార్మోనిస్టుకు అడుగున చిన్న అక్షరాల్లో పేరు. రంగు వేసేవాళ్లకు అదీ ఉండదు. పరాయి ఊళ్ల నుంచి వచ్చి చంద్రమతి వేషం కట్టి, తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లిపోయే ఆడవాళ్లు పోయారన్న కబురు కూడా మనదాకా రాదు. అందుకే జాబితా నటులు మాత్రమే రాయకూడదు. ఒక హార్మోనిస్టునీ, ఒక మేకప్‌మేన్‌నీ పక్కన కూర్చోబెట్టుకోండి.

4. ఫొటోను ఇంటివాళ్లకు చూపించి ఖాయం చేసుకోండి. 2017 ఆస్కార్ నివాళిలో జానెట్ ప్యాటర్సన్ పేరు కింద, బతికున్న నిర్మాత జాన్ చాప్‌మన్ ఫొటో వేశారు. అంత పెద్ద సభలోనే అలా జరిగింది.

5. సత్కారం బతికుండగా చేయండి. రాజమండ్రి రాజబాబు గారు ఏటా తన పుట్టినరోజున ఒక పాత కళాకారుణ్నో, కళాకారిణినో పిలిచి సత్కరించేవారు. సూర్యకాంతం గారిని అలా గౌరవించారు. సావిత్రి గారినీ గౌరవించారు. ప్రభుత్వం చేయని పని ఒక హాస్యనటుడు తన సంపాదనతో చేశాడు. ఆయన 1983లోనే పోయారు. తనకంటే పెద్దవాళ్లను ముందే తలుచుకుని వెళ్లారు.

మన దగ్గర డబ్బు తక్కువన్నది నిజమే. దండలు, మెమెంటోలు తగ్గించండి. హార్మోనియం పెట్టె మోయలేక ఇంటి దగ్గరుండిపోయిన పెద్దాయనకు బస్సు చార్జీ ముందే పంపి, స్టేజీ మీద కుర్చీ వేసి, ఆయన చేతికిచ్చే కవరులో మాత్రం డబ్బు పెట్టండి.