గాజు గోడ

ప్రవేశిక

నేలను, ఎండను, గాలిని బట్టి కట్టడం రూపుదిద్దుకోవాలన్నది మన పూర్వుల అనుభవసారం. గాజు గోడలు కార్యాలయ భవనాలకు ప్రధానాంగమైన నేటి కాలంలో ఆ అనుభవాన్ని విజ్ఞానశాస్త్రంతో సమన్వయించుకోవలసిన ఆవశ్యకతను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదుకు సమీపాన ఉన్న ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయంతో ప్రసిద్ధికెక్కిన పుణ్యక్షేత్రం. ఆ ప్రాంతంలో నేల ఎర్రనిది. లేటరైట్ శిల విస్తారంగా లభిస్తుంది. మందమైన గోడలు, చిన్న కిటికీలు, ఇంటి ముందు వసారా తెలంగాణ పల్లెల్లోని పాత ఇళ్ళకు సహజాలంకారాలు. ఎండను గడప దాటనీయకుండా వెలుతురును మాత్రం లోనికి పిలిచే నేర్పు ఆ ఇళ్ళలో కనిపిస్తుంది.

ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో తరతరాలుగా సాగులో ఉన్న భూములను పారిశ్రామిక మండలి కోసం సేకరించారు. జహీరాబాదు పారిశ్రామిక నగరానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. జొన్న పండిన నేలపై కర్మాగారాలు, వాటి వెంట కార్యాలయాలు వెలుస్తాయి. ఆ కార్యాలయాలకు ఎటువంటి గోడలు ఉండాలి? నేలను వదులుకొన్న ప్రజలకు, రేపు అక్కడ పనిచేయబోయే యువతకు ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. ఒకసారి కట్టిన గోడ దశాబ్దాలపాటు నిలుస్తుంది. అది కోరే విద్యుత్తును అంతకాలమూ సమకూర్చవలసి వస్తుంది.

కరిగిన గాజును కరిగిన తగరంపై తేలియాడించి, సమతలమైన పలకగా రూపొందించే పద్ధతిని ఇంగ్లండుకు చెందిన అలస్టేర్ పిల్కింగ్టన్ బృందం 1950లలో అభివృద్ధి చేసి, 1959లో ప్రకటించింది. దానితో పెద్ద పలకలు చౌకగా లభించసాగాయి. శీతల దేశాల్లో అద్దాల భవనం ఎండను ఆహ్వానించే సాధనమయింది. అదే రూపాన్ని ఉష్ణదేశాల నగరాలు యథాతథంగా అనుకరించినప్పుడు చిక్కు మొదలయింది.

సూర్యకిరణాల శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలదే. సాధారణ గాజు వెలుతురుతో పాటు ఈ వేడిలో అధికభాగాన్ని కూడా లోనికి విడిచిపెడుతుంది. ఆ వేడికి గదిలోని నేల, బల్లలు వేడెక్కుతాయి. అవి తిరిగి వెలువరించే దీర్ఘతరంగ ఉష్ణం మాత్రం గాజును నేరుగా దాటి వెలుపలికి పోలేదు. లోనికి వచ్చిన వేడికి తలుపు మూసుకొనిపోయినట్లే. దానిని తోడిపోయడానికి శీతల యంత్రాలు నిరంతరం శ్రమించవలసిందే.

ఈ సమస్యకు విరుగుడుగా వచ్చినదే అధిక సామర్థ్యం గల గాజు. ఇందులో రెండు పలకల నడుమ ఖాళీని ఉంచి, అంచులను గాలి చొరబడకుండా బిగిస్తారు. ఆ ఖాళీలో పొడిగాలినో, ఆర్గాన్ వాయువునో నింపుతారు. ఆర్గాన్ ఉష్ణవాహకత గాలి ఉష్ణవాహకతలో దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే. వెలుపలి పలక లోపలి ముఖంపై వెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు మాత్రమే ఉండే వెండి పూత పూస్తారు. వెలుతురును రానిచ్చి, పరారుణ కిరణాలను అధికంగా వెనుకకు మరల్చడం ఈ పూత స్వభావం.

గాజు గుణాన్ని మూడు కొలతలతో నిర్ణయిస్తారు. ఎండ వేడిలో ఎంత భాగం లోనికి చేరుతుందో సౌర ఉష్ణ గుణకం తెలుపుతుంది. లోపలికీ వెలుపలికీ గల ఉష్ణోగ్రతా భేదం వల్ల ఎంత వేడి ప్రసరిస్తుందో యూ-విలువ తెలుపుతుంది. వెలుతురులో ఎంత శాతం లోనికి వస్తుందో మూడవ కొలత తెలుపుతుంది. మొదటి రెండు తక్కువగా, మూడవది తగినంతగా ఉన్న గాజే మేలైనది.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. పడమటి గోడకు పది చదరపు మీటర్ల కిటికీ ఉన్నదనుకొందాం. సాయంకాలపు ఎండ ప్రతి చదరపు మీటరుపై 600 వాట్ల వేడిని కురిపిస్తున్నదనుకొందాం. 0.8 గుణకం గల సాధారణ గాజు గుండా 4,800 వాట్లు లోనికి చేరుతాయి. 0.27 గుణకం గల మేలైన గాజు గుండా 1,620 వాట్లే చేరుతాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు మూడింటిని గదిలోంచి తీసివేసినంత తేడా ఇది. కిటికీని సగానికి తగ్గిస్తే ఆ వేడి 810 వాట్లకు దిగుతుంది. గాజు నాణ్యత ఎంత ముఖ్యమో, దాని పరిమాణం కూడా అంతే ముఖ్యమని దీనివల్ల స్పష్టమవుతుంది. మన దేశపు ఇంధన పొదుపు భవన నియమావళిని 2007లో ప్రవేశపెట్టి, 2017లో సవరించారు. గోడ వైశాల్యంలో కిటికీల వాటా 40 శాతం మించరాదని 2017 నియమావళి సాధారణ విధానంలో నిర్దేశించింది.

దిక్కును కూడా గుర్తించాలి. ఝరాసంగం 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమ ఉంది. మే నెల మధ్యకు కాస్త ముందు, ఆగస్టు మొదట్లోను మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు. శీతకాలంలో దక్షిణపు గోడపై పడే ఎండను ఒక సజ్జ ఆపగలదు. తూర్పు పడమరల వాలుటెండను సజ్జ ఆపలేదు. కనుక ఆ దిక్కుల కిటికీలను తగ్గించి, ఉత్తరాన పెంచడం వివేకం.

ఈ వివేకానికి నిదర్శనం హైదరాబాదులోనే ఉంది. హైటెక్ సిటీ సమీపాన నిర్మించిన సి.ఐ.ఐ. సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రాన్ని 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా వెలుపల తొలిసారిగా పొందిన భవనమిది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దీనిని నడిముంగిలి చుట్టూ వలయాకారంగా రూపొందించారు. ఉత్తర దిక్కుకు అధికంగా అమర్చిన రెండు పలకల గాజు కిటికీలు, పూర్వపు కోటలను తలపించే జాలీ గోడలు, పైకప్పుపై పచ్చిక, గాలి గోపురాలు ఇక్కడ ఒకదానికొకటి తోడ్పడతాయి. కొత్త గాజు, పాత జాలీ ఒకే గోడలో చోటు చేసుకోవడం ఈ కట్టడం నేర్పే పాఠం.

మేలైన గాజు సైతం తాను ఒక్కటే భవనాన్ని చల్లబరచలేదు. దిక్కును ఎంచుకొని, నీడను కల్పించి, కిటికీని అవసరం మేరకు కుదించిన పిమ్మటనే గాజు నాణ్యత పూర్తిగా ఫలిస్తుంది. ఝరాసంగం నేలపై ఇకపై వెలిసే కార్యాలయాలు ఈ క్రమాన్ని పాటిస్తే, వసారా నేర్పిన విద్య గాజు గోడలో కొనసాగుతుంది. పాటించకపోతే, ఆ నేలమీది ఎండకు రైతుబిడ్డలే విద్యుత్తు రూపంలో సుంకం చెల్లించవలసి వస్తుంది.

అర్థాలు

ఆవశ్యకత = అవసరం
నడిముంగిలి = ఇంటి మధ్యనుండే ఖాళీ స్థలం
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
వాలుటెండ = ఏటవాలుగా పడే ఎండ
సుంకం = పన్ను

అభ్యాసం

1. అధిక సామర్థ్యం గల గాజు వేడిని ఎట్లా నిరోధిస్తుందో వివరించండి.
2. హరిత వ్యాపార కేంద్రంలో పాత, కొత్త పద్ధతుల సమన్వయాన్ని తెలపండి.
3. తూర్పు పడమరల కిటికీలను ఎందుకు తగ్గించాలి?
4. మీ కళాశాల భవనంలోని కిటికీల దిక్కులను, వాటి నీడను పరిశీలించి ఒక పుటకు మించకుండా వ్రాయండి.