రోమన్ నగర నిర్మాణం : ఒక కంప్యూటరు క్రీడపై తొలి అభిప్రాయాలు

చరిత్ర విద్యార్థులలో అధికులు రాజుల పేర్లను, యుద్ధాల తేదీలను కంఠస్థం చేసి పరీక్షకు సిద్ధపడతారే గాని, ఒక నగరానికి మంచినీరు ఏ దారిన వచ్చింది, ధాన్యం ఎవరి భుజాలపై చేరింది అని అడుగరు. ఆ ప్రశ్నలను పుట్టించగల సాధనం ఒక ఆటలో దొరకగలదని మేము ఊహింపలేదు. ‘సీజర్ 3’ అనే ఈ కంప్యూటరు క్రీడను ఇంప్రెషన్స్ గేమ్స్ సంస్థ రూపొందించగా, సియెర్రా సంస్థ 1998లో వెలువరించింది. పాతదే అయినప్పటికీ, కొందరు విద్యార్థుల ప్రోద్బలంతో ఇటీవలనే దానిని చూడటం తటస్థించింది. ఆడినది కొద్ది సాయంకాలాలే కనుక ఇవి తొలి అభిప్రాయాలు మాత్రమే.

ఆటగాడు ఇందులో రోమన్ సామ్రాజ్యపు ఒక రాష్ట్రానికి పాలకుడు. ఖాళీ నేల, కొంత ధనం అతని చేతికి వస్తాయి. బాట వేసి స్థలాలు చూపగానే వలస జనం సామాను బండ్లతో వచ్చి గుడారాలు వేసుకొంటారు. ఆ పైన ఇల్లు పెంచటం అతని చేతిలో లేదు. పరిసరాలు బాగుపడితే అదే పెరుగుతుంది. బావి నీరు అందితే గుడారం పెద్దదవుతుంది. అంగడి నుండి తిండి అందితే గుడిసె. దేవాలయం చేరువైతే పెద్ద గుడిసె. జలాశయం నుండి గొట్టాల ద్వారా ఫౌంటెన్‌కు నీరు వస్తే అంతకన్న మేలైన ఇల్లు. ఈ విధంగా మహాభవనం వరకు 20 మెట్లు ఉన్నాయి. సదుపాయం తొలగిందా, ఇల్లు మెట్లు దిగుతుంది.

మమ్ము మిక్కిలిగా ఆకర్షించినది సేవలు ఇంటికి చేరే పద్ధతి. అంగడి కట్టినంత మాత్రాన చాలదు. అంగడి స్త్రీ ఆ వీధి వెంట నడచి పోవాలి. వైద్యుడు, క్షురకుడు, పూజారి, పన్ను వసూలుదారు అందరూ కాలినడకన తిరిగేవారే. బాటలు కలిసిన చోట వారెటు మళ్ళుతారో చెప్పలేము. ఇంజనీరు చాలకాలం రాని వీధిలో కట్టడం కూలుతుంది. ప్రిఫెక్టు రాని వీధిలో నిప్పు అంటుకొంటుంది. కాగితం మీద పథకం ఉండటం వేరు, వీధిలోకి మనిషి రావటం వేరు. మన పురపాలక సంఘాలను ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇల్లు మరీ బాగుపడి విల్లాగా మారినప్పుడు ఒక చిత్రమైన చిక్కు వస్తుంది. అందులోనివారు పట్రీషియన్లు, అనగా కులీనులు, అవుతారు. పన్ను మెండుగా చెల్లిస్తారు గాని పని మానివేస్తారు. పేటలన్నిటినీ ఒక్కసారిగా భవనాలుగా మార్చిన పాలకునికి ఖజానా నిండుతుంది, పొలాలలో, గిడ్డంగులలో కూలీలు కరవవుతారు. మా అర్థశాస్త్ర విద్యార్థులు దీనిపై చాలసేపు వాదులాడుకొన్నారు.

యుద్ధ భాగాన్ని గురించి చెప్పవలసినది స్వల్పం. అది ఈ ఆటకు బలం కాదు.

అయితే ఇందులోని రోమన్ జీవితం ఎంతవరకు చరిత్ర? నీటి విషయంలో ఆట సత్యానికి సన్నిహితంగానే ఉన్నది. రోము నగరపు తొలి జలవాహిక అయిన అక్వా అప్పియాను క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ ప్రారంభించాడు. అప్పియన్ రహదారికి కర్త కూడా అతడే. క్రీ.శ. 97లో జలవాహికల అధిపతిగా నియుక్తుడైన ఫ్రాంటినస్ వాటిపై ఒక గ్రంథమే వ్రాశాడు. మా అభ్యంతరం ఆ గ్రంథం దగ్గరనే మొదలవుతుంది. ఆటలో పనివాడన్న ప్రతివానికీ జీతం ఉన్నది. జీతం తగ్గిస్తే ప్రజలు అలుగుతారు. బానిస అనేవాడు మాత్రం ఎక్కడా కానరాడు. ఫ్రాంటినస్ లెక్కలోనైతే జలవాహికల సంరక్షణకు ప్రభుత్వ బానిసలు సుమారు 240 మంది, చక్రవర్తి బానిసలు 460 మంది ఉన్నారు. జలాశయాలను కాచేవారు, వాహికల వెంట తిరిగి పరీక్షించేవారు, పూతపనివారు అందరూ ఆ బృందాలలోని వారే. వినోదం కొరకు వదలివేశారని కొందరు సమర్థింపవచ్చు. ప్రతి గోధుమ బండిని లెక్కించగలిగిన ఆట ఈ 700 మందిని లెక్కింపలేకపోయిందంటే మాకు సమాధానంగా లేదు.

విద్యార్థులు ఆటలతో కాలం వృథా చేస్తారన్న పెద్దల శంక సహేతుకమే. అయినను ఈ క్రీడను చరిత్ర తరగతిలో వారానికి ఒక గంట అనుమతింపవలసినదిగా కళాశాల కమిటీని కోరుచున్నాము. షరతు ఒక్కటే: ఫ్రాంటినస్ బానిసలను లెక్కించిన ఆ పుట ప్రతి విద్యార్థి చేతిలోను ఉండాలి.