రక్తఫలకికలు – దేహరక్షణ

లిలువాకు ఆవల, హుగ్లీ నదికి తూర్పుగట్టున గల కలకత్తాలో 1963–64 సంవత్సరములందు డెంగ్యూ జ్వరము తీవ్రముగా వ్యాపించెను. రోగులలో కొందరికి రక్తస్రావము కూడ కలిగెను. నేటికిని హౌరా, లిలువా ప్రాంతములలో వానకాలమున జ్వరము రాగానే “ప్లేట్‌లెట్లు ఎన్ని యున్నవి?” యని ఇంటివారు ఆదుర్దాతో అడుగుదురు. ప్లేట్‌లెట్లనగా రక్తఫలకికలు. వీని స్వభావ మెట్టిదో తెలిసికొనుట అవసరము.

రక్తఫలకికలు ఎముక మూలుగయందలి పెద్ద కణముల నుండి తునియలుగా విడివడి రక్తమున చేరును. వీనికి జీవకేంద్రము లేదు. ఇవి 7 మొదలు 10 దినములు జీవించును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఉండును. 1882లో ఇటలీ దేశీయుడైన బిజ్జొజెరో, గాయమైన చోట ఇవి గుమిగూడి రక్తమును ఆపునని చూపెను.

అయితే వీని పని అంతతో ముగియదు. సూక్ష్మజీవులను గుర్తించి పట్టుకొనుటకు, తెల్లకణములను ఆ చోటికి రప్పించుటకు ఇవి తోడ్పడును. గాయమైన చోట కలుగు ఎఱ్ఱదనము, వేడిమి, వాపు, నొప్పి అను నాలుగు లక్షణములను కలిపి శోథ యందురు. శోథను నడిపించు పదార్థములు కొన్ని ఈ ఫలకికలలోనే నిలువయుండును. శోథ మితముగా నున్న మేలు, మితిమీరినచో హాని.

డెంగ్యూయందు మూలుగలో ఫలకికల ఉత్పత్తి తగ్గును. ఉన్నవియు త్వరగా నశించును. ఉద్రేకము చెందిన ఫలకికలు విడుచు పదార్థములు రక్తనాళముల గోడలను సడలించుటలో పాలుపంచుకొనును. అప్పుడు రక్తములోని ద్రవము వెలికి ఊరును. ప్రాణాపాయమునకు ముఖ్యకారణము తరచుగా ఇదియే. కావున ఫలకికల సంఖ్యను మాత్రమే చూచి భయపడుటయు, ధైర్యము వహించుటయు రెండును తగవు.

జ్వరము తగ్గు సమయమే మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన సమయము. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తము, మిక్కిలి నీరసము – వీనిలో ఏ ఒక్కటి కనబడినను రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఈయరాదు. అవి రక్తస్రావమును హెచ్చించును. జ్వరమునకు వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఈయవలెను. ద్రవపదార్థములను తరచుగా త్రాగింపవలెను. ఫలకికలను ఎక్కింపవలసినదో లేదో నిర్ణయింపవలసినవాడు వైద్యుడే.

ఈ జ్వరమును వ్యాపింపజేయు దోమ పగటివేళ కుట్టును. ఇంటిలో నిలువచేసిన నీటిలో పెరుగును. కావున తొట్లను, డ్రమ్ములను వారమున కొకసారి ఖాళీచేసి, లోపలి గోడలను తోమి, మూతలు పెట్టవలెను.