కంపవాత పరిశోధనలో శోథ నమూనాలు – ఎలుక చెప్పునది ఎంత?

ఒడిలో పెట్టుకొన్న చేయి తనంత తానే వణకుచుండగా, లేచి నిలువబడియు అడుగు వేయలేకపోవు వృద్ధులను విజయవాడ వీధులలోను, కృష్ణా డెల్టా పల్లెలలోను మనమందరము చూచియే యుందుము. "వయసు మీదపడినది" అని సరిపెట్టుకొందుము. ఇది వయసు కాదు, వ్యాధి. ఆయుర్వేదము దీనిని కంపవాతమన్నది. యునానీ వైద్యులు వణుకును రాషా అందురు. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనిని సవివరముగా వర్ణించినందున ఆయన పేరే వ్యాధికి నిలిచినది.

మధ్య మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అను నల్లని భాగము కలదు. అందలి కణములు డోపమిన్ అను రసాయనమును తయారుచేయును. ఆ కణములు నశించినకొలది కదలిక మందగించును. 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధి నుండి లభించు రిసర్పిన్‌ను కుందేళ్ళకిచ్చి వాటిని కదలలేకుండ చేసి, ఎల్-డోపాతో మరల కదిలింపగలిగెను. మన కంచెలపై ప్రాకు దూలగొండి గింజలలో నున్నదియు ఈ ఎల్-డోపాయే. నేటికిని ముఖ్యమైన మందు ఇదియే. అయితే ఇది లోటును పూరించును గాని, కణముల మరణము నాపినట్లు ఋజువు కాలేదు.

మరి ఆ కణములు ఏల మరణించుచున్నవి? 1988లో కెనడాలో మెక్‌గీర్ దంపతులు, వారి సహచరులు, మరణించిన రోగుల మెదళ్ళను పరీక్షించి, ఆ నల్లని భాగమున మైక్రోగ్లియా కణములు రెచ్చియున్నట్లు గమనించిరి. ఇవి మెదడునకు తలారులవంటివి. దేహము హానిని ఎదుర్కొనుటలో పుట్టు ఈ ప్రతిచర్యనే శోథము అందురు. తలారి దొంగను చూచి కేకవేసెనా, లేక తానే ఇల్లు తగులబెట్టెనా? మరణించిన మెదడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పజాలదు. అందులకే జంతు నమూనాలు అవసరమైనవి.

కొన్ని బాక్టీరియాల పైపొరలో లైపోపాలిసాకరైడ్ అను పదార్థముండును. 1998లో స్పెయిను పరిశోధకులు దీనిని ఎలుకల నల్లని భాగమునకు నేరుగా ఎక్కింపగా, మైక్రోగ్లియా రెచ్చి, డోపమిన్ కణములు దెబ్బతిన్నవి. 2007లో ప్రకటితమైన అమెరికా ప్రయోగము ఇంకను ఆశ్చర్యకరము. అందు మందును మెదడునకు గాక చిట్టెలుకల దేహమునకు ఒక్కసారి మాత్రమే ఇచ్చిరి. టి.ఎన్.ఎఫ్. అను శోథకారకము రక్తమున 9 గంటలలోను, కాలేయమున ఒక వారములోను తగ్గినది. మెదడున మాత్రము 10 నెలలు నిలిచినది. నల్లని భాగమందలి డోపమిన్ కణములు 7 నెలలకు 23 శాతము, 10 నెలలకు 47 శాతము నశించినవి. తలారియు ఇల్లు తగులబెట్టగలడని దీనివలన తేలినది.

అయితే తగులబెట్టగలడనుట వేరు, మనిషిలో తగులబెట్టినాడనుట వేరు. మనిషికి ఈ వ్యాధి ఏండ్ల తరబడి నెమ్మదిగా ముదురును. ఎలుకలో శోథమును మనమే ఒక్క దెబ్బలో పుట్టించుచున్నాము. మధుమేహమునకు వాడు పయోగ్లిటజోన్ శోథమును తగ్గించి ఎలుకల కణములను కాపాడినది. దానినే 210 మంది రోగులపై 44 వారములు పరీక్షించి 2015లో ఫలితము ప్రకటించిరి: వ్యాధి వేగము తగ్గలేదు. జంతువునకు తరచుగా హానికి ముందో, హానితోపాటో మందు ఇత్తురు. మనిషి వైద్యుని యొద్దకు వచ్చునాటికి కణములనేకము నశించియుండును. ఈ భేదము మరువరానిది.

కావున విద్యార్థి మిత్రులకు మా విన్నపము రెండు మాటలు. "ఎలుకలలో నయమైనది" అను వార్త చదివి, ఇంటి పెద్దలు వాడుచున్న మాత్రను మాన్పింపరాదు, వైద్యుని అడుగవలెను. ప్రయోగశాలలో ప్రవేశించువారు, తాము ఏ ప్రశ్నకు సమాధానము కోరి ఆ మూగజీవికి బాధ కలిగించుచున్నారో ముందుగా కాగితముపై వ్రాసికొనవలెను. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కోరునదియు అనవసరమైన బాధ కలుగరాదనియే. ఎలుక మన ప్రశ్నను సరిదిద్దును. తుది సమాధానము మాత్రము మనిషి దేహమే చెప్పవలెను.